గీత చెడగొట్టిన చుక్క

భూతద్దం నన్ను మోసం చేశాడని నేననను. మోసం చేసినవాణ్ణి కోర్టుకీడ్చవచ్చు, నలుగురిలో నిలబెట్టి కడిగేయవచ్చు. వాడు నా మేలు కోరాడు. మేలు కోరినవాడి మీద ఏ కోర్టులో వెయ్యాలో ఇంతవరకూ నాకు ఏ ప్లీడరూ చెప్పలేదు.

భూతద్దం మా ఆవిడకి సొంత తమ్ముడు. ఆ పేరు పెట్టింది నేనే. మా పెళ్ళినాటికి వాడు నిక్కర్లు వేసుకునే వయసు. ఇంటినిండా జనం పెళ్ళికొడుకుని చూడ్డానికి ఎగబడుతుంటే, వాడు గోడవారన చీమలబారు ముందు బోర్లా పడుకుని భూతద్దంలోంచి చూస్తున్నాడు. "ఏం కనబడుతోందిరా?" అన్నాను. "ఎంత పెద్దగా చూసినా చీమే బావా" అన్నాడు. అప్పుడే అర్థం చేసుకోవలసింది. ఇప్పుడు వాడికి నెత్తిన జుట్టు పల్చబడింది, పెద్దాసుపత్రి వెనకున్న పరిశోధనశాలలో ఉద్యోగం వచ్చింది, చూసేవి మాత్రం చీమకంటే లక్షరెట్లు చిన్నవయ్యాయి.

నేను ఏడో తరగతిలో బడి మానేసి మా నాన్న పక్కన టంకం కడ్డీ పట్టుకున్నవాణ్ణి. మాది రేడియేటర్ల షెడ్డు. లారీకి గానీ బస్సుకి గానీ ఇంజను ముందు జల్లెడలాంటిది ఒకటుంటుంది. అందులో నీళ్ళు తిరిగి ఇంజను చల్లబడుతుంది. అది కారితే నా దగ్గరికొస్తుంది. మూతులు బిగించి, లోపల గాలి కొట్టి, నీళ్ళ తొట్లో ముంచుతాను. ఆ తొట్టి మా నాన్న సిమెంటుతో కట్టించింది. బుడగ వచ్చిన చోట చిల్లు, చిల్లున్న చోట టంకం. నా చదువంతా అంతే. బుడగొస్తే చిల్లుంది, రాకపోతే లేదు. చిల్లుండే అవకాశం ఎక్కువ అని నేను ఏ లారీ ఓనరుతోనూ ఇంతవరకూ అనలేదు.

షెడ్డు స్థలం మా తాతది. మా నాన్నా, పెదనాన్నా మధ్యన గోడ పెట్టుకుని చెరిసగం చేసుకున్నారు. గోడకి ఇవతల నేను. అవతల పెదనాన్న కొడుకు టైర్ల కొట్టు. వీధంతా వాణ్ణి టైర్లన్న అంటుంది. ఎదురుపడితే నేనూ అన్నయ్యా అనే అంటాను. నేను షెడ్డు తీసిన మొదటిరోజు నుంచీ వాడిది ఒకటే పాట.

"తమ్ముడూ, ఆ గోడ లేకపోతే లారీ తిన్నగా లోపలికొస్తుందిరా."

"నా ఊపిరుండగా గోడ కదలదు అన్నయ్యా."

"నీ ఊపిరికేం, నూరేళ్ళుంటుంది. గోడ సంగతి చెప్పు."

బామ్మర్ది బతక్కోరతాడు, దాయాది చావకోరతాడు అని పెద్దవాళ్ళు ఊరికే అన్నారా? నేను ఆ సామెత నమ్ముకుని బతికినవాణ్ణి. ఇద్దరు మనుషుల్నీ ఆ కొలబద్దతోనే కొలిచాను.

కడుపులో మంటగా ఉంటోందని వెళితే స్కానింగులో లివరు మీద నిమ్మకాయంత గడ్డ బయటపడింది. ఎప్పుడో ఒంట్లో చేరిన కామెర్ల వైరస్సు ఇన్నేళ్ళూ కూర్చుని చేసిన పనట. నేను జన్మలో చుక్క మందు ముట్టలేదు. టైర్లన్న చీకటి పడితే సీసా లేకుండా గల్లాపెట్టె మూయడు. వాడి లివరు అద్దంలా ఉందని వాడికి మొన్నమొన్ననే డాక్టరు చెప్పాడట, ఆ మాట వాడు నాకు ఓదార్పుగా చెప్పాడు.

సర్జను పొట్టిగా, సన్నగా ఉండే మనిషి. మాటలు కొలిచి వాడుతుంది. "గడ్డ ఒకటే. కోసి తీసేస్తాను. మిగతా లివరు పెరుగుతుంది. తర్వాత స్కానింగులకి మానకుండా రావాలి" అంది. కోసి తీసినదాంట్లో పరీక్షలకి పోగా మిగిలిన ముక్క పరిశోధనకి ఇస్తారా అని ఒక కాగితం ముందుపెట్టారు. చెత్తబుట్టలోకి పోయేదానికి కూడా సంతకమా అనుకుంటూ పెట్టాను.

ఆ ముక్కల విషయంలో వాళ్ళకో పద్ధతుంది. గడ్డలోంచి ఒక ముక్క తీస్తారు. గడ్డకి దూరంగా, బాగున్న లివరులోంచి ఇంకో ముక్క తీస్తారు. దొంగ పక్కన పెద్దమనిషిని నిలబెట్టి తేడా చూసినట్టన్నమాట. రెండూ రెండు చిన్న గొట్టాల్లో వేసి, పేరు తీసేసి నంబరు వేసి, మంచుపెట్టెలో పెడతారు. పెట్టె మోయడానికి ఒక అటెండరు ఉంటాడు. పరిశోధన చేసేవాళ్ళకి అది ఎవరి ముక్కో తెలియకూడదు. తెలిస్తే మనసు లెక్కలో వేలు పెడుతుందట.

నా ఆపరేషన్ రోజున ఆ అటెండరు రాలేదు. థియేటర్ బయట బల్ల మీద భూతద్దం కూర్చుని ఉన్నాడు, వాళ్ళ అక్కకి తోడుగా, బామ్మర్ది హోదాలో. తలుపు తీసుకుని వచ్చిన నర్సు వాణ్ణి గుర్తుపట్టింది.

"సార్, ఇది మీ లాబుదే. వెళుతూ వెళుతూ తీసుకెళ్ళిపోతారా? కరిగిపోతోంది."

ఒక చేత్తో మా ఆవిడ టీ ఫ్లాస్కు, ఇంకో చేత్తో నా లివరు పట్టుకుని వాడు ఆసుపత్రి మెట్లు దిగాడు. ఏది ఫ్రీజర్లో పెట్టాడో, ఏది తాగాడో అని నేను తర్వాత చాలాసార్లు వేళాకోళం చేశాను. వాడు ఒక్కసారీ నవ్వలేదు. పెట్టె మీది నంబరు వాడి కళ్ళలో అచ్చయిపోయింది. అదీ జరిగింది. అటెండరు గనక ఆ రోజు పనిలోకి వచ్చి ఉంటే ఈపాటికి నేను నా షెడ్డులో కూర్చుని ఉండేవాణ్ణి.

గాయం మానింది. మెల్లగా షెడ్డుకి వెళ్ళడం మొదలుపెట్టాను. ఒక ఆదివారం భూతద్దం ఇంటికొచ్చాడు. పేకాటకి కూర్చున్నాం. మొదటి ఆట నేను గెలిచాను. రెండోదీ నేనే గెలిచాను. ఈ ప్రభుత్వం మంచిదన్నాను, అవును బావా అన్నాడు. కాసేపాగి ఇంత చెడ్డ ప్రభుత్వాన్ని చూడలేదన్నాను, నిజమే బావా అన్నాడు. బామ్మర్ది బావ మాటకి అడ్డం చెప్పలేదంటే ఎక్కడో ఏదో కాలుతోందన్నమాట.

మా ఆవిడకి నాకంటే ముందే అనుమానమొచ్చింది. గరిటె పట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడింది.

"ఏంట్రా ఆ మొహం? పెట్టిన కంచం పెట్టినట్టే ఉంది."

"ఏం లేదక్కా."

"ఏం లేకపోతే ఆయన్ని ఎందుకు గెలిపిస్తున్నావు?"

అంతే. వాడు పేకముక్కలు కింద పెట్టి, రెండు చేతుల్లో మొహం దాచుకున్నాడు. ముందు చెప్పకూడదన్నాడు. తర్వాత తనకి తెలియకూడదన్నాడు. ఆ తర్వాత మొత్తం చెప్పాడు. చదువుకున్నవాళ్ళు రహస్యం దాచే తీరు ఇంతే, ముందు అది రహస్యమని గట్టిగా చాటుతారు.

"బావా, ఒంట్లో ప్రతి కణంలోనూ జీన్లుంటాయి. వాటిల్లోంచి చీటీలు బయటికొస్తుంటాయి. ఫలానా సరుకు తయారుచెయ్యండి అని."

"ఆర్డరు చీటీ."

"అదే. ఆ చీటీ చదివి లోపలి పనివాళ్ళు సరుకు చేస్తారు. మా లాబులో మేం కొలిచే మైక్రో ఆర్‌ఎన్‌ఏ అని ఒకటుంది, అది ఒక చిన్న తుంపు. ఇరవై చిల్లర అక్షరాలుంటాయి, అంతే. దానంతట అది ఏ సరుకూ చెయ్యదు. తన అక్షరాలకి జత కుదిరే చీటీ ఎక్కడ కనబడితే అక్కడ అతుక్కుంటుంది. ఇక ఆ చీటీ చదవడం కుదరదు. కొంతసేపటికి చిరిగిపోతుంది కూడా."

"అంటే తను చెయ్యదు, ఇంకొకళ్ళని చెయ్యనివ్వదు."

"అవును."

"మీ అమ్మ" అన్నాను.

మా ఆవిడ గరిటె నా వైపు తిప్పింది. "పోయిన మనిషి ఊసెందుకండీ మధ్యలో?"

భూతద్దం మాత్రం కళ్ళు తుడుచుకుని ఆలోచనలో పడ్డాడు. "లేదక్కా, బావ చెప్పింది సరిగ్గా అదే. నాన్న ఉద్యోగం మానేసి వ్యాపారం పెడతానంటే అమ్మ వద్దంది. అన్నయ్య వాటా పంచమంటే వద్దంది. పై ఊళ్ళో ఉద్యోగం వస్తే నన్నూ వద్దంది. ఏ పనీ కానివ్వని మనిషని అందరం తిట్టుకున్నాం. ఆవిడ పోయి ఏడాది తిరక్కుండా ఇల్లు అమ్ముడుపోయింది, తలో ఊరూ పట్టుకున్నాం."

"ఇప్పుడు మా అమ్మ సంగతా, ఆయన సంగతా?" అంది మా ఆవిడ.

"లివరులో ఆ అమ్మ పేరు నూట ఇరవై రెండు అక్కా. పేరు లేదు, నంబరే. లివరులో ఉండే ఇలాంటి తుంపులన్నిట్లోకీ ఎక్కువ అదే. అది నిండుగా ఉన్నన్నాళ్ళు కణాలు బుద్ధిగా ఇంటిపట్టున పడుంటాయి. గోడ కరిగించే సరుకు చెయ్యండి, ఉన్నచోట పట్టు వదలండి అనే చీటీలు కూడా బయటికొస్తూనే ఉంటాయి, కానీ ఇది వాటి నోరు నొక్కేస్తుంది. కొందరి గడ్డల్లో ఇది తగ్గిపోతుంది. అప్పుడు ఆ చీటీలన్నీ చెల్లుబాటవుతాయి. కణం పక్కదాన్ని వదిలేసి, గోడ తొలుచుకుని, రక్తంలో పడి, ఊపిరితిత్తులకో ఎముకలకో..."

చెయ్యి గాల్లో ఊపి ఆపేశాడు.

"నాదాంట్లో ఎంతుంది?"

"చెప్పకూడదు బావా."

"ఇంతదాకా చెప్పింది పిట్టకథా?"

"బాగా తక్కువుంది. పక్కనున్న మంచి ముక్కతో పోలిస్తే పదోవంతు కూడా లేదు. మేం చూసిన అందరిలోకీ అట్టడుగున ఉంది."

"అట్టడుగువాళ్ళేమయ్యారు?"

వాడు వాళ్ళ అక్క వైపు చూశాడు. "చాలామందికి రెండేళ్ళలోపు పాకింది బావా. అందరికీ కాదు. ఇది గుంపు లెక్క. ఒక్కొక్క మనిషికి జాతకంలా చెప్పేది కాదు, అందుకే పేషెంట్లకి చెప్పొద్దంటారు."

ఆ చివరి మాటలు వాడు కచ్చితంగా అన్నాడని మా ఆవిడ ఈ రోజుకీ వాదిస్తుంది. అన్నాడేమో. రెండేళ్ళు అన్నాక మనిషి చెవిలో ఇంకేమైనా దూరుతుందా? చెప్పదలుచుకున్నవాడు ఆ ముక్క ముందు చెప్పి రెండేళ్ళు వెనక చెప్పాలి.

"సర్జనుగారిని అడుగుదాం" అంది మా ఆవిడ.

"వద్దక్కా. నేను చూశానని తెలిస్తే ఉద్యోగం తీసేస్తారు. అయినా ఆవిడ దగ్గర దీనికి మందేం లేదు. స్కానింగులే."

అంటే నేను చావాలి, పైగా ఎవరికీ చెప్పకుండా చావాలి. బామ్మర్ది ఉద్యోగం పదిలంగా ఉండాలి కదా.

ఆ రాత్రి నాకు చావు భయం వెయ్యలేదు. టైర్లన్న భయం వేసింది. నేను పోతే ఆ షెడ్డు మా ఆవిడ చేతిలో పడుతుంది. ఆవిడకి కూరగాయల దగ్గరే బేరం రాదు. దాయాది వచ్చి కూర్చుని, మరదలా మరదలా అంటూ కన్నీళ్ళు పెట్టి, వచ్చినకాడికి రాయించుకుపోతాడు. అదే నేను బతికుండగా, నా నోటితో, నా రేటుకి అమ్మితే? చచ్చేలోపు దాయాదిని ఒక్కసారైనా బేరంలో ఓడించినట్టవుతుంది. ఏడో తరగతి బుర్రకి అంతకంటే మంచి ఆలోచన రాలేదు.

మర్నాడు గోడ చుట్టూ తిరిగి టైర్ల కొట్లోకి వెళ్ళాను. రబ్బరు వాసన గుప్పుమంది. టైర్లన్న ఒక పాత టైరులో గోరు పెట్టి గీత లోతు చూస్తున్నాడు.

"అన్నయ్యా, షెడ్డు అమ్ముతాను. తీసుకుంటావా?"

టైరు దొర్లిపోయి గోడకి కొట్టుకుంది. వాడు దాన్ని పట్టించుకోలేదు. "ఏమైందిరా?"

"మళ్ళీ వస్తుందంటున్నారు. రెండేళ్ళట."

"ఎవడన్నాడు?"

"అన్నవాడి పేరు చెప్పకూడదు."

"వద్దులే తమ్ముడూ" అన్నాడు. "ఇప్పుడేం అమ్మకు. నువ్వు బతుకుతావు."

నాకు ఒళ్ళు మండింది. ముప్ఫయ్యేళ్ళుగా ఆ గోడ మీద కన్నేసినవాడు, స్థలం కాళ్ళ దగ్గరికొస్తే వద్దంటున్నాడు. ఎందుకంటాడు? ధర దించడానికి. నేను బజారు రేటు చెప్పాను. "రేటు కాదురా, నాకు వద్దు. కాస్త ఆగు" అన్నాడు. రేటు తగ్గించాను. "నా మాట విను, తొందరపడకు" అన్నాడు. ఎంత ఘటికుడో చూడండి. ఇంకొంచెం తగ్గించాను. వాడి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆహా, నటనలో కూడా ఆరితేరాడు అనుకున్నాను. అలా వాడు వద్దన్న కొద్దీ నేను దించుకుంటూ పోయి, సగం దగ్గర ఆగాను.

"సరే రాయించుకుంటాను" అన్నాడు చివరికి. "నువ్వు ఇంకెవడికైనా ఇంతకంటే తక్కువకిచ్చేట్టున్నావు. కానీ నువ్వున్నన్నాళ్ళు షెడ్డు నీదే. అద్దె గిద్దె మాటెత్తితే ఊరుకోను. గోడ అలాగే ఉంటుంది."

నేనే ఆ షరతు పెడదామనుకుంటున్నాను. నా నోట్లో మాట వాడు లాక్కున్నాడు.

రిజిస్ట్రేషనై వచ్చిన డబ్బు మా ఆవిడ పేర బ్యాంకులో వేశాను. ఆవిడ పాసుపుస్తకం చూసి, "సగానికా?" అంది. తర్వాత వారం రోజులు నాతో మాట్లాడలేదు. చచ్చేవాడితో కూడా మాట్లాడకుండా ఉండగలిగిన మనిషి ఆవిడ.

ఇక చావుకి సిద్ధమవడం మొదలుపెట్టాను. కొత్త చెప్పులు కొనడం మానేశాను. స్కూటరు అమ్మేశాను. గ్యాసు కనెక్షనూ, కరెంటు మీటరూ మా ఆవిడ పేరు మీదికి మార్పించాను. మనసులో ఏదీ దాచుకుని పోకూడదని చుట్టాలందరి దగ్గరికీ పనిగట్టుకుని వెళ్ళి, ఒక్కొక్కరి గురించి ఇన్నేళ్ళుగా ఏమనుకుంటున్నానో ఉన్నదున్నట్టు చెప్పాను. చిన్నాన్నకి ఆయన పిసినారితనం గురించి చెప్పాను. తోడల్లుడికి వాడి పాట గురించి చెప్పాను. అందరూ ఓపిగ్గా విన్నారు, పోయేవాడు కదా అని. ఒకళ్ళిద్దరు నా చెయ్యి పట్టుకుని ఏడ్చారు కూడా.

రెండేళ్ళు అయిపోయాయి. స్కానింగులో ఏమీ లేదు.

ఈ లోకంలో చావకపోవడం అంత ఇబ్బందైన పని ఇంకోటి లేదు. చుట్టాల పెళ్ళిళ్ళకి నాకు పిలుపు రావడం ఆగిపోయింది. పిలవక తప్పని చోట తోడల్లుడు నన్ను చూసి పాట ఆపేస్తాడు. చెప్పులు తెగిపోయాయి. బస్సులో నిలబడి షెడ్డుకి వెళ్ళేవాణ్ణి. నాది కాని షెడ్డుకి.

మూడో ఏడు భూతద్దం ఒక కాగితం పట్టుకొచ్చాడు. దాని మీద ఏటవాలుగా ఒక గీత, గీత చుట్టూ చీమలబారులాగా చుక్కలు. ఒక్కో చుక్క ఒక్కో మనిషట. నూట ఇరవై రెండు ఎంత తక్కువుంటే జబ్బు అంత తొందరగా పాకినట్టు గీత చెబుతోంది. చుక్కలన్నీ బుద్ధిగా గీతని అంటిపెట్టుకుని ఉన్నాయి. ఒక్కటి మాత్రం దూరంగా, మూలకి, విడిగా ఉంది.

"ఇది నువ్వు బావా" అన్నాడు.

"ఒంటరిగా ఉన్నానే."

"నీ నూట ఇరవై రెండు ఇంత కిందుంది. లెక్క ప్రకారం ఇక్కడుండాలి. నువ్వేమో అక్కడున్నావు." వాడి మొహంలో సంతోషం ఉంది, దాని పక్కనే ఇంకేదో కూడా ఉంది. "నువ్వు లేకపోతే గీత చాలా చక్కగా వచ్చేది. మా పెద్దాయన రోజూ అడుగుతున్నాడు, ఈ నంబరు మనిషి ఇంకా ఉన్నాడా, సరిగ్గా కనుక్కున్నారా అని."

"ఉన్నాడని చెప్పు. టీ తాగుతున్నాడని చెప్పు. అయినా ఎందుకున్నాను నేను?"

"తెలీదు బావా. ఇదొక్కటే కాదుగా, ఇలాంటి తుంపులు వందలున్నాయి. నూట ఇరవై రెండు తగ్గినా ఇంకేదో ఆ చీటీల నోరు నొక్కుతూ ఉండొచ్చు. లేదా గోడ తొలిచే వేళకి ముందే సర్జనుగారు మొత్తం తీసేసి ఉండొచ్చు. గుంపు లెక్క అని ఆ రోజే చెప్పాను."

"చెప్పావా?"

"చెప్పాడండీ" అంది మా ఆవిడ వంటింట్లోంచి.

ఈలోగా గోడకి అవతల వ్యాపారం పెరిగింది. పెద్ద బళ్ళ టైర్లు తెప్పించడం మొదలుపెట్టాడు టైర్లన్న. లోపల చోటు చాల్లేదు. టైర్లు రోడ్డు పక్కన దొంతర్లుగా లేచాయి. ఎండకి రబ్బరు పగిలింది. వానొస్తే లోపల నీళ్ళు నిలిచి దోమలు ముసిరేవి. లారీలు రోడ్డు మీదే ఆగి, వెనక బళ్ళవాళ్ళు హారన్లు కొట్టేవాళ్ళు. వాడు డబ్బిచ్చి కొన్న స్థలం వాడికి గోడ అవతలే ఉంది, అందులో నేను కూర్చుని టంకం వేస్తున్నాను.

వాడు ఒక్క మాటా అనలేదు. అదే ఘోరం.

నా ప్రతి స్కానింగు మర్నాడూ వాడు గోడ చివర నిలబడి అడిగేవాడు.

"ఎలా ఉందన్నారు తమ్ముడూ?"

"శుభ్రంగా ఉందట."

"మంచిదే."

మొదటి ఏడాది ఆ మంచిదే వెంటనే వచ్చేది, నా మాట పూర్తికాకముందే. మూడో ఏడాదికి ఆ మాటకి ముందు చిన్న ఖాళీ వచ్చింది, గుటక మింగేంత. నాలుగో ఏడు ఆ ఖాళీలో ఒక లారీ వెనక్కి తిరిగి వెళ్ళిపోయింది. వాడికే తెలియదనుకుంటాను. తెలిస్తే వాడు నాకంటే ఎక్కువ బాధపడే మనిషి.

అయిదేళ్ళు నిండిన రోజున సర్జను స్కానింగు ఫిల్ము వెలుతురుకి పెట్టి చూసింది. మొదటిసారి ఆవిడ నవ్వడం చూశాను.

"ఏమీ లేదు. ఇకమీదట ఏడాదికోసారి వస్తే చాలు. హాయిగా మీ పని మీరు చేసుకోండి. ఏం పని చేస్తారు మీరు?"

"నా చావుకి ముందు రేడియేటర్లు బాగుచేసేవాణ్ణి" అన్నాను. ఆవిడకి అర్థం కాలేదు.

నేను షెడ్డుకొచ్చేసరికి వాన పడుతోంది. టైర్లన్న రోడ్డు మీద టైర్ల దొంతర మీద టార్పాలిన్ కప్పుతున్నాడు. అరవై దాటిన మనిషి, చొక్కా ఒంటికి అతుక్కుపోయింది. ఒక మూల కడితే ఇంకో మూల ఎగిరిపోతోంది. నేను ఎగిరిన మూల పట్టుకున్నాను.

"ఎలా ఉందన్నారు?"

"ఇక నూరేళ్ళూ ఉంటానంటున్నారు."

టార్పాలిన్ మీద వాన చప్పుడు. వాడు తాడు ముడి వేస్తున్నాడు. ముడి పడింది. ఇంకో ముడి వేశాడు. ఆ తర్వాత, "మంచిదే" అన్నాడు.

వాడి కళ్ళలో మళ్ళీ నీళ్ళు. వాననీళ్ళో, వాడివో నాకు తెలియలేదు. బేరం రోజున వాడివి నిజమైన కన్నీళ్ళేనని మాత్రం అప్పుడు తెలిసింది. అంత మంచి దాయాదిని, నా చావు తప్ప ఇంకో దారి లేనివాణ్ణి చేసి కూర్చోబెట్టాడు భూతద్దం. సామెతకి ఎదురు నిలిచినవాడు ప్రపంచంలో ఒక్కడుంటే, వాణ్ణి కూడా తీసుకొచ్చి సామెతలో కలిపేశాడు.

ఒకడి చేత నా చావు కోరించుకుంటూ, వాడి నీడలోనే కూర్చుని బతకడం నాకు చేతకాలేదు.

"అన్నయ్యా, రేపు గోడ కొట్టించెయ్."

"ఏం మాటరా అది? మాటిచ్చాను. నువ్వున్నన్నాళ్ళు..."

"నేనుంటాను. అదే చెబుతున్నా."

"మరి నువ్వెక్కడ పనిచేస్తావు?"

"ఇంటి ముందు రేకు వేసుకుంటా. చిన్న బళ్ళు వస్తాయి."

వాడు వద్దన్నాడు. ఎప్పటిలాగే వద్దన్నాడు. అయితే ఈసారి రెండుసార్లే అన్నాడు.

గోడ ఒక్క పూటలో పడిపోయింది. అంత బలహీనమైన గోడని ఇన్నేళ్ళు కాపాడానా అనిపించింది. మధ్యాహ్నానికి ఒక లారీ తిన్నగా లోపలికొచ్చింది. వాడు చెప్పినట్టే, ఎక్కడా మలుపు లేకుండా వచ్చింది. గ్యాసు సిలిండరూ, టంకం కడ్డీలూ, బిగింపు మూతలూ మొయ్యడానికి భూతద్దం సెలవు పెట్టి వచ్చాడు. సిమెంటు తొట్టి కదిలేది కాదు. పలుగుతో పగలగొట్టమన్నారు పనివాళ్ళు. వద్దు, ఉండనివ్వండి, టైర్ల చిల్లులు చూసుకోవడానికి పనికొస్తుంది అన్నాను.

సామాను బండిలోకి ఎక్కించాక భూతద్దం నా పక్కన నిలబడి గొంతు సవరించుకున్నాడు.

"బావా, ఇంకో సంగతి. ఆ పెట్టె మోసింది నేనేనని మా పెద్దాయనకి చెప్పేశాను. మనసులో పెట్టుకోలేకపోయాను."

"ఉద్యోగం?"

"ఉద్యోగానికేం కాలేదు. మందలించి వదిలేశారు. కానీ ఎవరిదో తెలిసిపోయిన ముక్క లెక్కలో ఉండకూడదట. నీ చుక్క తీసేశారు. కాగితం పైనెల అచ్చవుతోంది." ఆగి, నేల చూపులు చూస్తూ అన్నాడు. "గీత చక్కగా వచ్చింది బావా."

వాడు ఇప్పటికీ ప్రతి ఆదివారం వస్తాడు. పేకాటలో నన్ను ఓడిస్తున్నాడు, ప్రతి మాటకీ అడ్డం చెబుతున్నాడు. అక్కడికి నా ఆరోగ్యం బాగున్నట్టే. బావకి జరిగిన నష్టమేముంది, ప్రాణాలతో ఉన్నాడు కదా అని వాళ్ళ అక్కతో అంటాడట. వాడిది గుంపు లెక్క. నాది ఒక్క మనిషి లెక్క, అది నేను చెప్పగలను. వాడి కాగితంలోంచి పోయింది ఒక్క చుక్క. నాకు పోయింది రోడ్డు ముఖాన రెండు వందల అరవై మూడు గజాలు, మా నాన్న కట్టించిన సిమెంటు తొట్టితో సహా.